మందమతి యెవరు? – భిన్నముగా నేర్చు విద్యార్థులను గూర్చి రెండు శతాబ్దముల చరిత్ర

ప్రతి తరగతిలోను ఇట్టివారు ఒకరిద్దరు ఉందురు. ఒకడు అడిగిన ప్రశ్నకు నోటితో చక్కని సమాధానము చెప్పును. అదే సమాధానమును వ్రాయుమనిన వాని కలము కదలదు. మరియొకడు క్షణమైనను కుదురుగా కూర్చుండజాలడు. పుస్తకము తెచ్చిననాడు పలక మరచును, పలక తెచ్చిననాడు పుస్తకము మరచును. ఇంకొక బాలిక ఎవరితోను మాటలాడదు, బడిగంట మ్రోగగానే చెవులు మూసికొనును. కాని కాజీపేట మీదుగా పోవు రైళ్ళ వేళలన్నియు తప్పులేకుండ అప్పగించును. ఇట్టి పిల్లలకు తగిలించుటకు మన పల్లెలలోను పట్టణములలోను మాటలు ఎప్పుడును సిద్ధముగానే యుండును: మొద్దు, మొండి, సోమరి, తిక్క. ‘వాని తలకు చదువెక్కదు’ అని తండ్రి విసుగుకొనును. ‘సరస్వతీ కటాక్షము లేదు’ అని అవ్వ నిట్టూర్చును.

వరంగల్లులో సైన్సు బోధించు మావంటివారికి కూడ ఇట్టి విద్యార్థులు కొత్త కాదు. ప్రయోగశాలలో తీగలన్నియు సరిగా కలిపి దీపము వెలిగించిన విద్యార్థియే, ఆ ప్రయోగమును రికార్డులో వ్రాయునప్పుడు నాలుగు పంక్తులలో పది తప్పులు చేయుచుండును. తెలివి లేనివాడు ఆ తీగలను కలుపగలడా? తెలివి గలవాడు అన్ని తప్పులు వ్రాయునా? ఈ రెండు ప్రశ్నలకు ఒకే జవాబు ఎట్లు కుదురునో తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులకు నూరేండ్లకు పైగా పట్టినది. మనుష్యుల మెదళ్ళన్నియు ఒకే అచ్చులో పోసినవి కావనియు, చూచుట, వినుట, గుర్తుంచుకొనుట, గమనము నిలుపుట అను పనులలో అవి పుట్టుకతోనే భేదించుననియు నేడు తెలియుచున్నది. దీనినే నాడీ వైవిధ్యము అనుచున్నారు. ఈ మాట 1990 దశాబ్దము చివర పుట్టినది. ఆస్ట్రేలియాకు చెందిన జూడీ సింగర్ 1998లో తన సిద్ధాంత వ్యాసములో దీనిని వాడెను. మాట కొత్తదైనను దాని వెనుకనున్న చరిత్ర పాతది. ఆ చరిత్రను చూచినచో ఒక విషయము స్పష్టమగును: పిల్లవానిని ఓపికతో పరిశీలించినవారు ఉన్నప్పుడెల్ల విజ్ఞానము ముందుకు నడిచినది, పరిశీలనకు ముందే పేరు పెట్టినప్పుడెల్ల అది దారి తప్పినది.

ఇసుకలో ఓనమాలు

మన ప్రాంతపు పాత బడులతోనే ప్రారంభింతము. 1822లో మద్రాసు గవర్నరుగా నుండిన సర్ థామస్ మన్రో, తన రాజధానిలో దేశీయ విద్య యెట్లున్నదో తెలుపుమని జిల్లా కలెక్టరులను కోరెను. వచ్చిన జవాబులలో బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టు 17న పంపిన నివేదిక మిక్కిలి ప్రసిద్ధమైనది. 1816లో తెలుగు వ్యాకరణమును, 1821లో తెలుగు నిఘంటువును ప్రకటించిన క్యాంప్‌బెల్ ఇతడే. నాటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురము ప్రాంతము కూడ చేరియుండెను. జిల్లాలో 533 బడులు, వానిలో 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు అతడు లెక్క తేల్చెను. వానిలో 235 కన్నడ బడులు, 226 తెలుగు బడులు.

బడిలో చేరిన బాలుడు మొదట అక్షరములను వల్లించుటకు మారుగా, నేలపై ఇసుకలో వ్రేలితో వాటిని వ్రాయుచు నేర్చునని ఆ నివేదికలో నున్నది. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు నేర్పు పద్ధతిని క్యాంప్‌బెల్ మెచ్చుకొనెను. అర్థము తెలియకయే పద్యములను వల్లెవేయుటను ఆక్షేపించెను. బడిలోని క్రమశిక్షణను గూర్చి కూడ అతడు వ్రాసెను. ఉదయము అందరికన్న ముందు వచ్చిన బాలుని అరచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవాని చేతిలో సున్న చుట్టుదురు. వానికి మెప్పును లేదు, తప్పును లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు. అటుపిమ్మట వచ్చిన ప్రతివానికి ఒక్కొక్క దెబ్బ ఎక్కువ. సోమరులను బెత్తముతో కొట్టుదురు, చేతులు రెండును కట్టి కప్పునుండి వ్రేలాడదీయుదురు, ఆగకుండ కూర్చుండి లేచునట్లు చేయుదురు. మన పెద్దలు కోదండము, గుంజిళ్ళు అని చెప్పిన శిక్షలివియే.

ఈ లెక్కను కొంచెము ఆలోచింతము. వేళ తెలియని పిల్లవాడు, దారిలో చీమల బారును చూచి నిలిచిపోవు పిల్లవాడు, పలక ఎక్కడ పెట్టెనో మరచి వెదకుకొను పిల్లవాడు అందరికన్న చివర వచ్చును. అనగా నేడు అవధాన లోపము గలవాడని మనము గుర్తింపగల బాలుడే ప్రతి ఉదయము అందరికన్న ఎక్కువ దెబ్బలు తినును. కొట్టినవారు దుర్మార్గులని కాదు. అట్టి పిల్లవానికి వారి లెక్కలో ‘సోమరి’ అను గడి తప్ప మరియొక గడి లేదు. ఆ కాలమున ప్రపంచములో ఏ బడిలోను లేదు. కాని అదే బడిలో ఇసుకపై వ్రేలితో దిద్దించు మంచి పద్ధతియు నుండెను. కన్ను, చెవి, చేయి మూడును కలిసి అక్షరమును పట్టుకొను ఆ పద్ధతి విలువ మనకు ముందు తెలియును.

పర్సీ అను బాలుడు

చదువుట రాకపోవుట తెలివితక్కువతనముకంటె వేరైనదని మొదట గమనించినవారిలో కంటి వైద్యులు ముఖ్యులు. జర్మనీలో రుడాల్ఫ్ బెర్లిన్ 1887లో ‘డిస్లెక్సియా’ అను మాటను కల్పించెను. అతడు చూచినవారు పెద్దలు. మెదడుకు దెబ్బ తగిలి, అంతవరకు చదువగలిగినవారు ఆ శక్తిని పోగొట్టుకొనిరి. ఇట్టి లోపము పుట్టుకతోనే యుండవచ్చునా అను ప్రశ్నకు ఇంగ్లండులోని సీఫర్డ్ అను చిన్న పట్టణమునుండి జవాబు వచ్చెను. అచ్చటి వైద్యుడు డబ్ల్యు. ప్రింగిల్ మార్గన్ 1896 నవంబరు 7న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక బాలుని గూర్చి వ్రాసెను.

బాలుని పేరు పర్సీ, వయస్సు పదునాలుగేండ్లు. ఏడవ యేటినుండి బడిలోనో, ఇంటివద్ద ఉపాధ్యాయుల యొద్దనో చదువుచుండెను. ఆటలలో ఎవరికిని తీసిపోడు. మాటలలో చురుకైనవాడు. 749ని 867చే గుణింపుమనగా వెంటనే సరిగా గుణించెను. జవాబు 6,49,383 అని పాఠకులు సరిచూచుకొనవచ్చును. కాని చిన్న చిన్న మాటలను సైతము చదువలేడు. తన పేరును వ్రాయుమనినను అక్షరములను తారుమారు చేసి ‘ప్రెసీ’ అని వ్రాసెను. తప్పు ఉన్నదని ఒకటికి రెండుసార్లు చెప్పినగాని వానికి కనిపింపలేదు. కన్నులలో దోషము లేదు.

ఈ వ్యాసములో మన ఉపాధ్యాయులు గుర్తుంచుకొనదగిన వాక్యము వైద్యునిది కాదు. పర్సీకి కొన్నేండ్లు పాఠము చెప్పిన ఉపాధ్యాయుని అభిప్రాయమును మార్గన్ అందులో చేర్చెను: చదువంతయు నోటితోనే సాగినచో బడిలో ఈ బాలుడే అందరికన్న చురుకైనవాడగునని ఆ ఉపాధ్యాయుడు చెప్పెను. వైద్యశాస్త్రములో పేరు లేని లోపమును ఒక బడిపంతులు అప్పటికే చూచియుండెను. వాడు ఏమి చేయలేడో గమనించుటతో ఆగక, ఏమి చేయగలడో కూడ అతడు గమనించెను.

తరువాత గ్లాస్గో నగరపు కంటి వైద్యుడు జేమ్స్ హిన్షెల్‌వుడ్ ఇట్టి పిల్లలను అనేకులను పరిశీలించి 1917లో గ్రంథము వ్రాసెను. అమెరికాలో శామ్యూల్ ఆర్టన్ 1925లో తన పరిశీలనలను ప్రకటించి, ఉపాధ్యాయురాలైన అన్నా గిల్లింగ్‌హామ్‌తో కలిసి ఒక బోధనా పద్ధతిని రూపొందించెను. అక్షరమును చూచుచు, దాని ధ్వనిని పలుకుచు, వ్రేలితో దిద్దుచు నేర్చుట ఆ పద్ధతికి పునాది. మన వీధిబడి ఇసుకలో పిల్లవాడు చేసిన పనికి ఇది దగ్గరి చుట్టము. భేదమేమనగా, వీధిబడిలో అందరును ఒకే వేగముతో నడువవలెను; ఇచ్చట నేర్పు వేగమును పిల్లవాడే నిర్ణయించును.

కొలబద్ద చేతులు మారినది

1904లో ఫ్రెంచి ప్రభుత్వము ఒక సంఘమును నియమించెను. నిర్బంధ విద్య వచ్చిన పిమ్మట బడిలో వెనుకబడుచున్న పిల్లలెవరో తెలిసికొని వారికి తగిన బోధన ఏర్పాటు చేయుట ఆ సంఘపు పని. అందులోని ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమాన్‌తో కలిసి 1905లో మొదటి బుద్ధి పరీక్షను తయారుచేసెను. ఉపాధ్యాయుని ఇష్టాయిష్టములకు లోబడని కొలబద్ద ఒకటి కావలెనని అతని అభిప్రాయము. అయితే ఈ కొలత బాలుని నేటి స్థితిని మాత్రమే తెలుపుననియు, రేపటి హద్దును గీయదనియు అతడు ఎరుగును. బుద్ధి ఎంత పుట్టెనో అంతయే అను వాదమును 1909లో ప్రకటించిన గ్రంథములో తీవ్రముగా ఖండించెను. అభ్యాసముతోను మంచి పద్ధతితోను అది పెరుగునని చెప్పెను. 1911లో అతడు మరణించెను.

కొలబద్ద అట్లాంటిక్ సముద్రమును దాటిన పిమ్మట దాని ఉపయోగము మారిపోయెను. అమెరికాలో హెన్రీ గొడార్డ్ మొదలైనవారు దానిని, బుద్ధి తక్కువవారిని వేరుచేసి సంఘమునుండి తొలగించుటకు సాధనముగా వాడిరి. సహాయము చేయుటకు పుట్టిన సంఖ్య ముద్రగా మారినది. జర్మనీ, ఆస్ట్రియాలలో నాజీల పాలనలో అట్టి ముద్ర పడిన పిల్లలు వేలకొలది చంపబడిరి. శాస్త్రము పేరుతో జరిగిన ఈ ఘోరమును ఉపాధ్యాయుడు మరువరాదు. మార్కుల పట్టికలో మనము వ్రాయు ప్రతి అంకెకును బినే ఉద్దేశించిన అర్థమైనను ఉండవచ్చును, గొడార్డ్ కల్పించిన అర్థమైనను ఉండవచ్చును. ఏది ఉండవలెనో నిర్ణయించునది అంకె కాదు, దానిని వాడువారు.

తల్లిపై మోపిన నింద

ఇప్పుడు మాటలాడని పిల్లల సంగతి చూతము. మాస్కోలో గ్రూన్యా సుఖరేవా అను వైద్యురాలు 1925లో ఆరుగురు బాలురను గూర్చి వ్రాసెను. వారు ఒంటరిగా నుండుదురు, ఒకే విషయమును పట్టుకొని విడువరు, శబ్దములకు కలతపడుదురు. ఆమె వ్రాసినది చాలకాలము మరుగున పడినది. 1943లో అమెరికాలోని బాల్టిమోర్ నగరములో లియో కానర్ పదునొకండు మంది పిల్లలను వర్ణించి, వారి స్థితికి ఆటిజమను పేరు స్థిరపరచెను. 1944లో వియన్నాలో హాన్స్ ఆస్పర్గర్ ఇట్టి పిల్లలనే మరికొందరిని వర్ణించెను. ఆస్పర్గర్ పేరు చాలకాలము గౌరవముతో వినబడినది. కాని అతడు కొందరు పిల్లలను నాజీల హత్యాకేంద్రమునకు పంపుటలో పాలుపంచుకొనెనని చరిత్రకారుడు హెర్విగ్ చెక్ 2018లో పత్రాధారములతో చూపెను.

ఆటిజము పుట్టుకతో వచ్చునదని కానర్ మొదట వ్రాసెను. అయినను తరువాతి యేండ్లలో, తల్లి ప్రేమ చాలకపోవుటచే బిడ్డ ఇట్లయినదను వాదము వ్యాపించెను. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ వ్రాసిన గ్రంథము దీనికి మిక్కిలి ప్రచారము తెచ్చెను. బిడ్డ మాటలాడలేదను దుఃఖముతో వచ్చిన తల్లికి, తప్పు నీదేయను తీర్పు ఎదురయ్యెడిది. తానే ఒక ఆటిజము గల బాలునికి తండ్రియైన బెర్నార్డ్ రిమ్‌లాండ్ 1964లోనే ఈ వాదమును ఎదిరించెను. 1977లో సుసాన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ అనువారు కవలలను పరిశీలించిరి. ఒకే అండమునుండి పుట్టిన 11 జంటలలో 4 జంటలయందు ఇద్దరికిని ఆటిజముండెను. వేరువేరు అండములనుండి పుట్టిన 10 జంటలలో ఒక్కదానియందును ఇద్దరికి లేదు. సంఖ్యలు చిన్నవే, కాని తల్లి పెంపకమే కారణమైనచో ఈ భేదము రాదు. వంశపారంపర్యపు పాత్ర ఇట్లు బయటపడినది. తరువాతి పరిశోధనలు దీనిని బలపరచినవి.

కుదురులేని పిల్లల చరిత్రయు ఇట్టిదే. 1902లో లండనులో జార్జ్ స్టిల్ అను శిశువైద్యుడు మూడు ఉపన్యాసములలో ఇట్టి పిల్లలను చక్కగా వర్ణించెను. బుద్ధి లోపము లేకయే వారట్లుందురని గ్రహించెను. కాని దానికి నైతిక నిగ్రహ లోపమని పేరు పెట్టెను! పరిశీలన సరియైనది, పేరు తప్పు. ఇది గమనమును నిలుపు శక్తికి సంబంధించిన విషయమని తేలి, 1980లో అమెరికా మనోవైద్యుల పట్టికలో అవధాన లోపమను పేరు చేరుటకు ఇంకను డెబ్బదియెనిమిదేండ్లు పట్టినది.

అడయారు నుండి సికింద్రాబాదు వరకు

ఈ విజ్ఞానము మన దేశమునకు వచ్చిన దారులలో ఒకటి ఆసక్తికరమైనది. 1800 ప్రాంతమున ఫ్రాన్సు అడవులలో దొరకిన విక్టర్ అను మాటరాని బాలునికి చదువు చెప్పుటకు జాఁ ఇటార్ అను వైద్యుడు ప్రయత్నించెను. అతని శిష్యుడు ఎడ్వార్డ్ సెగాన్ 1846లో, మందబుద్ధులని విడిచిపెట్టబడిన పిల్లలకు చేతిపనితోను ఇంద్రియముల అభ్యాసముతోను విద్య నేర్పవచ్చునని గ్రంథము వ్రాసెను. ఆ గ్రంథమును చదివిన ఇటలీ వైద్యురాలు మరియా మాంటిసోరి రోము నగరములో అట్టి పిల్లలకే పాఠములు చెప్పి, వారు మామూలు పిల్లలతో సమానముగా పరీక్షలు వ్రాయగా చూచెను. అప్పుడామెకు తట్టిన ప్రశ్న గొప్పది: వీరే ఇంత నేర్చినచో, మామూలు బడులలోని పిల్లలు ఇంతకన్న ఎక్కువ ఏల నేర్చుటలేదు? 1907లో ఆమె బాలల గృహమును స్థాపించెను. గరుకు కాగితముతో కత్తిరించిన అక్షరములను వ్రేలితో తడవుచు అచ్చటి పిల్లలు నేర్చిరి.

మాంటిసోరి 1939లో మద్రాసు నగరమునకు వచ్చి అడయారులో సుమారు 300 మందికి శిక్షణ ఇచ్చెను. తెలుగు జిల్లాలు అప్పుడు ఆ రాజధానిలోనివే. రెండవ ప్రపంచ యుద్ధము వలన ఆమె 1946 వరకు ఈ దేశములోనే యుండవలసివచ్చెను. వెనుకబడినవారని తలచిన పిల్లలకొరకు పుట్టిన పద్ధతి ఇట్లు మన శిశు పాఠశాలలకు చేరినది. దాని మూలము మాత్రము చాలమందికి తెలియకపోయెను.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1964–66 నాటి కొఠారీ సంఘము, వికలాంగులైన పిల్లలను వీలైనంతవరకు సాధారణ పాఠశాలలలోనే చదివింపవలెనని చెప్పెను. 1974లో కేంద్ర ప్రభుత్వము దీనికొక పథకమును ప్రారంభించెను. 1984లో సికింద్రాబాదులోని మనోవికాసనగరులో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ స్థాపింపబడెను. దేశమంతటికి ప్రత్యేక ఉపాధ్యాయులను తయారుచేయు ఈ సంస్థ తెలుగు గడ్డపై వెలసినది. దాని పేరు తరువాత మార్పబడినది. మా హనుమకొండలో మల్లికాంబ పేరిట నెలకొన్న మనోవికాస కేంద్రము కూడ ఇట్టి సేవకే పుట్టినది.

అయితే ఇచ్చట ఒక భేదమును గుర్తింపవలెను. ఈ సంస్థలు ముఖ్యముగా బుద్ధి వికాసము మందగించిన పిల్లలకొరకు ఏర్పడినవి. పర్సీవంటి పిల్లవాడు ఆ కోవలోనివాడు కాడు. వాడు సాధారణ పాఠశాలలో, సాధారణ బల్లపై, మన కన్నుల ఎదుటనే యుండును. అందుచేతనే అతడు చాలకాలము ఎవరి పట్టికలోను చేరలేదు. చదువలేక తిట్లు తినెడి అట్టి బాలుని కథతో 2007లో హిందీలో ‘తారే జమీన్ పర్’ అను చలనచిత్రము వచ్చిన పిమ్మట డిస్లెక్సియా అను మాట మన యిండ్లలో కొంత వినబడసాగెను.

మన లిపి, మన పిల్లలు

మాటలాడుట మానవజాతికి అతి ప్రాచీనమైన విద్య. వ్రాత పుట్టి సుమారు అయిదువేల ఏండ్లు మాత్రమే అయినది. కనుక చదువుటకై ప్రత్యేకముగా ఏర్పడిన భాగము మెదడులో పుట్టుకతో నుండదు. ఆకారములను గుర్తించు భాగమును, ధ్వనులను విడదీయు భాగమును, మాటల అర్థమును దాచుకొను భాగమును అభ్యాసముతో ఒకదానికొకటి కలుపుకొనవలెను. డిస్లెక్సియా గలవారిలో ఈ కలయిక, ముఖ్యముగా ధ్వనులను విడదీసి గుర్తుతో జతపరచుట, కష్టముగా జరుగును. 2001లో పౌలేజు మొదలైన శాస్త్రజ్ఞులు ఇంగ్లీషు, ఫ్రెంచి, ఇటాలియను భాషలవారిని పరిశీలించి, చదువునప్పుడు మెదడులో ఎడమవైపు ఒకే ప్రాంతమున పని తగ్గియుండుట అందరియందును చూచిరి. కాని పైకి కనబడు తీరు మాత్రము వేరు. వ్రాసినట్లే పలుకు ఇటాలియను భాషలో తప్పులు తక్కువ. వ్రాత ఒకటి, పలుకు ఒకటిగా నున్న ఇంగ్లీషులో తప్పులు ఎక్కువ.

మరి తెలుగు సంగతి యేమి? మన లిపిలో వ్రాసినదే పలుకుదుము. ఇది పిల్లవానికి మేలు. కాని గుర్తుల సంఖ్య ఎక్కువ. అచ్చులు, హల్లులు, గుణింతములు, ఒత్తులు కలిసి వందలకొలది ఆకారములగును. ‘స్త్రీ’ అను ఒక్క అక్షరములో మూడు హల్లులు, ఒక అచ్చు ఇమిడియున్నవి. ప, వ, ష, ద, ధ, బ, భ వంటివానిలో భేదము చిన్న గీత మాత్రమే. అందుచేత కష్టపడు తెలుగు పిల్లవాడు ‘బల్ల’ను ‘బల’ అనియు, ‘కప్ప’ను ‘కప’ అనియు వ్రాయవచ్చును, దీర్ఘమును వదలివేయవచ్చును, తప్పు లేకుండ చదివినను ఒక్కొక్క అక్షరమును కూడబలుకుకొనుచు మిక్కిలి నెమ్మదిగా చదువవచ్చును. ఇంగ్లీషు పుస్తకములలో వర్ణించిన లక్షణములకొరకే వెదకు ఉపాధ్యాయునికి ఈ బాలుడు దొరకడు. తెలుగు పిల్లలు అక్షరములోని ధ్వనులను ఎట్లు గ్రహింతురో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన భాషాశాస్త్రజ్ఞురాలు దుగ్గిరాల వసంత పరిశోధించి 2004లో ప్రకటించిరి. ఇట్టి పనులు మన భాషలో ఇంకను అనేకము జరుగవలసియున్నది.

2022–23 నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్ల మాధ్యమము ప్రవేశించినది. తెలుగులో నెమ్మదిగానైనను నెట్టుకొనివచ్చిన పిల్లవాడు ఇంగ్లీషులో ఒక్కసారిగా కూలిపోవచ్చును. ‘తెలుగు వచ్చును గదా, ఇంగ్లీషు ఏల రాదు? శ్రద్ధ లేదు’ అని మనము తీర్పు చెప్పుటకు ముందు, పైని చెప్పిన ఇటాలియను, ఇంగ్లీషు భేదమును తలచుకొనవలెను.

చట్టములో ఉపాధ్యాయుడు

మన చట్టములు ఈ పిల్లలను గుర్తించిన తీరును చూతము. 1995 నాటి వికలాంగుల చట్టము ఏడు విధముల వైకల్యములను పేర్కొనెను. అందులో ఆటిజము లేదు, పఠన వైకల్యము లేదు. 1999లో జాతీయ ట్రస్టు చట్టము ఆటిజమును చేర్చెను. 2016లో చేయబడి 2017 ఏప్రిల్ 19న అమలులోనికి వచ్చిన చట్టము వైకల్యముల సంఖ్యను 21కి పెంచి, నిర్దిష్ట అభ్యసన వైకల్యములను కూడ అందులో చేర్చెను. పర్సీని గూర్చిన వ్యాసము అచ్చయిన నూటయిరువదేండ్లకు మన పర్సీలకు చట్టములో చోటు దొరకినది. పరీక్షలో అదనపు కాలము, వ్రాసిపెట్టు సహాయకుడు, రెండవ మూడవ భాషల నుండి మినహాయింపు వంటి మార్పులు చేయవలెనని ఆ చట్టపు 17వ విభాగము చెప్పుచున్నది. 2010లో అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టమో, పిల్లలను కొట్టుటను, మనస్సు నొప్పించి వేధించుటను నిషేధించినది. క్యాంప్‌బెల్ లెక్క వ్రాసిన దెబ్బలకు చట్టరీత్యా ముగింపు పడుటకు నూటయెనుబదియేడేండ్లు పట్టెను.

2018 జనవరి 4న కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన మార్గదర్శకములలో ఒక ముఖ్య విషయమున్నది. మూడవ తరగతిలో, లేక ఎనిమిదేండ్ల వయస్సులో, తొలి పరిశీలనను పాఠశాలలోని ఉపాధ్యాయులే చేయవలెనని వానిలో చెప్పబడినది. వైద్యుడు, మనస్తత్త్వ నిపుణుడు ఆ తరువాతివారు. సీఫర్డ్‌లో పేరులేని ఉపాధ్యాయుడు తనంతట తాను చేసిన పని మన దేశములో ఉపాధ్యాయుని బాధ్యతగా మారినది. 2021లో సుప్రీంకోర్టు ప్రత్యేక ఉపాధ్యాయుల నియామకమును గూర్చి తీర్పు చెప్పుచు, ప్రాథమిక దశలో ఇట్టి పిల్లలు పదిమందికి ఒకరు, పై దశలో పదునైదు మందికి ఒకరు ఉండవలెనని నిర్దేశించెను. మన మండల కేంద్రములలో ఏర్పాటైన భవిత కేంద్రములు ఉపాధ్యాయునికి సహాయపడుటకే పుట్టినవి. వానిలోని వారితో పరిచయము చేసికొనుట ప్రతి ప్రధానోపాధ్యాయునికి మేలు.

తరగతి గదిలో

చట్టము, నిపుణుడు, ధ్రువపత్రము వచ్చువరకు ఆగనక్కరలేని పనులు కొన్ని కలవు. చదువలేని పిల్లవానిని అందరి ఎదుట నిలబెట్టి పైకి చదివింపకుండుట. వానికి తెలిసినదానిని ఒక్కొక్కసారి నోటితో అడిగి తెలిసికొనుట. నల్లబల్ల మీది పాఠమంతయు దింపుకొనుమని కోరక ముఖ్యమైన నాలుగు వాక్యములను వ్రాసి ఇచ్చుట. సైన్సు పాఠములో అక్షరదోషములకు వేరుగా, విషయమునకు వేరుగా మార్కులు వేయుట. కుదురులేని బాలుని ముందు వరుసలో కూర్చుండబెట్టి, ఒకసారికి ఒక పని మాత్రము చెప్పుట. నోటుపుస్తకములు పంచు పని అప్పగించి లేచి తిరుగుటకు వానికి న్యాయమైన అవకాశము కల్పించుట. ఆటిజము గల బాలికకు కాలపట్టికలో మార్పు వచ్చినచో ముందురోజే చెప్పుట. గంట మ్రోగుచోటికి దూరముగా చోటిచ్చుట. కన్నులలోనికి చూచి మాటలాడుమని నిర్బంధింపకుండుట. వీనికి డబ్బు ఖర్చు కాదు, ప్రత్యేక గది అక్కరలేదు.

ఒక నోటుపుస్తకములో ఒక్కొక్క పిల్లవానికి రెండు గళ్ళు గీయుట ఇంకొక మంచి అలవాటు. ఒక గడిలో వాడు చేయలేనిది, రెండవ గడిలో వాడు చేయగలిగినది. మొదటి గడి నిండుటకు పరీక్ష చాలును; రెండవ గడి నిండవలెననిన పిల్లవానిని చూడవలెను, వానితో మాటలాడవలెను. తల్లిదండ్రులను పిలిచినప్పుడు ఆ రెండవ గడితో మాట మొదలుపెట్టినచో వారి ముఖము తేటపడును; తరువాత మొదటి గడిని గూర్చి చెప్పుట సులభమగును. బిడ్డ తప్పు కాదు, మీ పెంపకము తప్పు కాదు అను మాటను వారు ఎవరి నోటనైనను వినవలసియున్నది. అది ఉపాధ్యాయుని నోటనే మొదట వినబడుట మంచిది.

సహవిద్యార్థుల సంగతి కూడ మరువరాదు. తరగతిలో ఒకనిని మొద్దని ఉపాధ్యాయుడు ఒక్కసారి అనినచో నలుబదిమంది ఏడాది పొడుగున అనుదురు. అట్లే, వాని చేతనైన పనిని ఉపాధ్యాయుడు ఒక్కసారి పేరు పెట్టి మెచ్చినచో ఆ నలుబదిమందియు వానిని కొత్తగా చూతురు. ఈ వ్యాసము చదువు విద్యార్థులు సైతము తమ ప్రక్క బల్లపై కూర్చుండువానికి పాఠమును చదివి వినిపింపగలరు. పెద్ద పిల్లలు చిన్నవారికి నేర్పిన మన పాత బడి పద్ధతి అదియే కదా.

రెండు శతాబ్దముల క్రితము ఆలస్యముగా వచ్చిన బాలుని చేతిపై దెబ్బలు లెక్కపెట్టిన బడిలోనే, మొదట వచ్చినవాని చేతిలో సరస్వతి పేరు వ్రాసిరి. చివర వచ్చు పిల్లవాడు ఏల చివర వచ్చుచున్నాడో అడిగి తెలిసికొనుటకు కావలసిన విజ్ఞానము నేడు మనకున్నది. ఆ ప్రశ్నను అడుగుటకు కావలసిన ఓపిక మాత్రము ఏ ప్రయోగశాలలోను తయారు కాదు. అది ప్రతి ఉదయము తరగతి గదిలో అడుగుపెట్టు ఉపాధ్యాయుడు తనతో తెచ్చుకొనవలసినది.